గేమ్ కొనే ముందు ఎవరి మాట నమ్మాలి?

2020 డిసెంబరు 7న ప్రపంచంలోని పెద్ద గేమింగ్ పత్రికలు దాదాపు ఒకేసారి 'సైబర్‌పంక్ 2077' సమీక్షలు ప్రచురించాయి. ఎక్కువమంది పదికి తొమ్మిదో, పదో వేశారు. సమీక్షకుల మార్కులన్నీ కలిపి సగటు చెప్పే మెటాక్రిటిక్ సైట్‌లో ఆ గేమ్ 90 మార్కులు దాటింది. మూడు రోజుల తర్వాత, డిసెంబరు 10న, గేమ్ విడుదలైంది. అప్పటికే 80 లక్షల కాపీలు ముందస్తుగా అమ్ముడుపోయాయి.

పీఎస్4, ఎక్స్‌బాక్స్ వన్ వంటి పాత కన్సోళ్లలో దాన్ని ఆడినవారికి కనిపించింది వేరే గేమ్. బొమ్మ ఆగి ఆగి కదిలింది. పాత్రల ముఖాలు మసకబారి కనిపించాయి. ఆట మధ్యలో దానంతటదే మూసుకుపోయింది. డిసెంబరు 14న తయారీ సంస్థ సీడీ ప్రాజెక్ట్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. పాత కన్సోళ్లపై గేమ్ ఎలా ఉంటుందో విడుదలకు ముందే చూపించాల్సిందని ఒప్పుకుంది. డిసెంబరు 18న సోనీ ఏకంగా తన స్టోర్ నుంచి గేమ్‌ను తొలగించి, కొన్నవారికి డబ్బు వాపసు ఇస్తామని ప్రకటించింది. మళ్లీ అది ఆ స్టోర్‌లోకి వచ్చింది 2021 జూన్‌లోనే. అమెరికాలో వాటాదారులు వేసిన దావాను సంస్థ తర్వాత 18.5 లక్షల డాలర్లకు పరిష్కరించుకుంది.

మరి తొమ్మిదులు, పదులు వేసిన సమీక్షకులు అబద్ధమాడారా? లేదు. వారికి అందినవి పీసీ కాపీలు మాత్రమే. కన్సోల్ కాపీలను విడుదలకు ముందు ఇవ్వలేదు. తాము ఆడిన దృశ్యాలను తొలి సమీక్షల్లో చూపించడానికీ అనుమతి లేదు. సంస్థ ఇచ్చిన వీడియోలనే వాడుకోవాలి. ఖరీదైన పీసీల మీద వారు చూసింది చూసినట్టే రాశారు. ఆ రాతను పీఎస్4 ఉన్నవారు తమకూ వర్తిస్తుందనుకుని డబ్బు పెట్టారు. అందుకే కొనేవారు సమీక్షకుడి నిజాయతీని చూస్తే సరిపోదు. అతను ఏ యంత్రం మీద ఆడాడు, ఎంతసేపు ఆడాడు, ఎవరు పెట్టిన షరతుల మధ్య రాశాడు అన్నవి కూడా చూడాలి.

అయిదు వేల ప్రశ్న

భారత్‌లో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. సోనీ సొంతంగా విడుదల చేసే పెద్ద పీఎస్5 గేమ్‌ల ధర 2020 నుంచి రూ.4,999 దగ్గర మొదలవుతోంది. చాలా ఇళ్లలో అది నెల సరుకుల ఖర్చుతో సమానం. సినిమా బాగాలేకపోతే పోయేది టికెట్టు డబ్బు, మూడు గంటల సమయం. గేమ్ విషయంలో పోయేది అంతకు ఎన్నో రెట్లు.

సంతలో కుండనైనా తట్టి చూసి కొంటారు. డిజిటల్ గేమ్‌ను తట్టి చూసే వీలు ఎంత ఉందన్నది కొనే చోటును బట్టి ఉంటుంది. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే, కారణం ఏదైనా డబ్బు వాపసు అడగవచ్చు. ప్లేస్టేషన్ స్టోర్‌లో 14 రోజుల గడువు ఉన్నా, డౌన్‌లోడ్ మొదలుపెడితే ఆ హక్కు పోతుంది. గేమ్‌లోనే లోపం ఉందని తేలితే తప్ప మినహాయింపు లేదు. అంటే కన్సోల్ కొనుగోలుదారుకు తట్టి చూసే అవకాశమే లేదు. అతను పూర్తిగా ఇంకొకరి మాట మీద ఆధారపడాలి. డిస్క్ కొన్నవారికి నచ్చకపోతే తిరిగి అమ్ముకునే దారైనా ఉంటుంది.

విదేశీ సమీక్షలు పట్టించుకోని విషయాలు ఇంకా ఉన్నాయి. భారత్‌లో సర్వర్ లేని ఆన్‌లైన్ గేమ్‌ను హైదరాబాద్ నుంచి ఆడాలంటే సింగపూర్‌కో మరో దేశానికో కనెక్ట్ కావాలి. అప్పుడు తుపాకీ గురి తప్పేది ఆటగాడి చేతకానితనం వల్ల కాదు, దూరం వల్ల. లండన్‌లో కూర్చుని రాసిన సమీక్షలో ఈ మాట ఉండదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మధ్యరకం గ్రాఫిక్స్ కార్డుతో పీసీ కట్టించుకున్నవారికి, అత్యంత ఖరీదైన కార్డు మీద పరీక్షించి ఇచ్చిన తీర్పు సగమే పనికొస్తుంది.

మార్కుల వెనుక ఒత్తిడి

ప్రచురణ సంస్థలు విడుదలకు ముందే సమీక్షకులకు ఉచితంగా కాపీలిస్తాయి. ఫలానా తేదీ, ఫలానా గంట వరకు ఏమీ రాయకూడదని షరతు పెడతాయి. దీన్నే ఎంబార్గో అంటారు. ఇది లంచం కాదు. నలభై గంటల గేమ్‌ను తొందరపడకుండా ఆడి రాయడానికి ఇది ఉపయోగపడుతుంది. అయితే ఆ గడువు ఎప్పుడు ముగుస్తుందన్నది గమనించాలి. విడుదలకు వారం ముందే సమీక్షలను అనుమతిస్తే సంస్థకు తన గేమ్‌పై నమ్మకం ఉందనుకోవచ్చు. అమ్మకాలు మొదలయ్యే క్షణం దాకా ఎవరినీ నోరు విప్పనివ్వకపోతే కొనేవారు ఆగడం మేలు.

ప్రకటనల ఒత్తిడి కూడా కొత్తది కాదు. 2007 నవంబరులో గేమ్‌స్పాట్ సైట్ సంపాదకుడు జెఫ్ గెర్స్ట్‌మన్ 'కేన్ అండ్ లించ్' గేమ్‌కు పదికి ఆరు వేశారు. అప్పుడు ఆ సైట్ నిండా ఆ గేమ్ ప్రకటనలే. కొద్ది రోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది. మాట్లాడకూడదన్న ఒప్పందం తొలగిపోయాక, 2012లో, ప్రకటనకర్తల ఒత్తిడికి యాజమాన్యం తలొగ్గిన తీరును ఆయన బయటపెట్టారు.

మార్కులకు డబ్బుతో ముడి ఇంకో రకంగానూ ఉంది. 'ఫాలౌట్: న్యూ వెగాస్' తయారుచేసిన అబ్సిడియన్ సంస్థకు మెటాక్రిటిక్‌లో 85 వస్తే బోనస్ ఇస్తామన్నది ఒప్పందం. వచ్చింది 84. ఒక్క మార్కు తేడాతో బోనస్ పోయింది. సగటు మార్కు పాఠకుడికి సలహాగా మొదలై పరిశ్రమలో జీతభత్యాల కొలబద్దగా మారితే, దాన్ని పెంచడానికి అందరూ ప్రయత్నిస్తారు. సగటుతో మరో చిక్కూ ఉంది. అందరికీ ఒక మాదిరిగా నచ్చిన గేమ్‌కూ, సగం మందికి విపరీతంగా నచ్చి సగం మందికి అసలు నచ్చని గేమ్‌కూ ఒకే అంకె రావచ్చు. కొనేవారు ఆ రెండు సగాల్లో దేనిలో ఉంటారో అంకె చెప్పదు.

యూట్యూబ్ స్నేహితుడు

పత్రికలను నమ్మలేక చాలామంది యూట్యూబ్ వైపు మళ్లారు. అక్కడ మాట్లాడేవాడు మన భాషలో, మన ఈడువాడిలా మాట్లాడతాడు. రోజూ చూసే ముఖం కాబట్టి స్నేహితుడనిపిస్తాడు. వ్యాపార సంస్థలకు కావలసింది సరిగ్గా ఆ నమ్మకమే.

2014లో వచ్చిన 'షాడో ఆఫ్ మోర్డోర్' గేమ్ ప్రచారానికి వార్నర్ బ్రదర్స్ సంస్థ ఒక ఏజెన్సీ ద్వారా యూట్యూబర్లకు వందల నుంచి వేల డాలర్ల వరకు చెల్లించింది. గేమ్‌ను మెచ్చుకోవాలి, లోపాలు చూపకూడదు అన్నవి షరతులు. డబ్బు తీసుకున్న సంగతి చాలా వీడియోల్లో కింద ఉండే వివరణలో, మరింత చూడండి అన్న మీట నొక్కితే గానీ కనబడని చోట ఉంది. ఆ వీడియోలను మొత్తం 55 లక్షల సార్లకు పైగా చూశారు. 2016లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దీన్ని తప్పుదోవ పట్టించే ప్రచారంగా తేల్చి, సంస్థతో రాజీ ఒప్పందం చేసుకుంది. ఇక్కడ ఆసక్తికరమైన సంగతి, ఆ గేమ్ నిజంగానే మంచిది. స్వతంత్ర సమీక్షకులూ దాన్ని మెచ్చుకున్నారు. మంచి గేమ్‌కే ఇంత చేస్తే, నాసిరకం గేమ్‌కు ఏం చేస్తారన్నది ఊహించుకోవచ్చు.

భారత్‌లో 2022 జూన్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ప్రచారం చేసే వ్యక్తికి ఆ సంస్థతో ఆర్థిక సంబంధం ఉంటే స్పష్టంగా చెప్పాలి. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు జరిమానా మొదటిసారి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు ఉంటుంది. 2023 జనవరిలో వచ్చిన వివరణ ప్రకారం ఉచితంగా అందుకున్న వస్తువు కూడా ఆర్థిక సంబంధమే. వీడియోలో ఆ మాటను చూపించాలి, నోటితోనూ చెప్పాలి. లైవ్‌లో అయితే తెరమీద నిరంతరం కనబడుతూ ఉండాలి. నిబంధన బాగానే ఉంది. కానీ లక్షల వీడియోలను గాలించే యంత్రాంగం ఏ ప్రభుత్వానికీ లేదు. కాబట్టి మొదటి కాపలా చూసేవారిదే. గేమ్ డబ్బు పెట్టి కొన్నాడా, ఉచితంగా వచ్చిందా, వీడియో కింద ఉన్న కొనుగోలు లింకు వల్ల అతనికి కమీషన్ వస్తుందా అన్నవి వీడియో మొదట్లోనే చెప్పేవాడు మిగతావారికన్నా నమ్మదగినవాడు. సొంత డబ్బుతో కొని, మధ్యరకం పీసీలో, ఇక్కడి ఇంటర్నెట్ మీద ఆడి చూపించే చిన్న తెలుగు చానల్ ఒక్కోసారి అంతర్జాతీయ పత్రిక వేసిన పదికి పదికన్నా ఎక్కువ పనికొస్తుంది.

జనం మాట

ఎవరినీ నమ్మలేనివారికి చివరి ఆసరా కొన్నవారి అభిప్రాయాలు. అక్కడా జాగ్రత్త కావాలి. 2020 జూన్ 19న 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2' విడుదలైన కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో వేల మంది సున్నాలు వేశారు. అది పూర్తిచేయడానికి పాతిక గంటలకు దగ్గరగా పట్టే గేమ్. అంటే చాలామంది కథ మీద కోపంతో, ఆడకుండానే వేశారు. ఆ తర్వాత మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల దాకా వినియోగదారుల మార్కులను అనుమతించకూడదని నియమం పెట్టుకుంది.

అయితే జనం కోపం ప్రతిసారీ అల్లరి కాదు. 2024 మేలో 'హెల్‌డైవర్స్ 2' గేమ్‌ను పీసీలో ఆడేవారు కూడా ప్లేస్టేషన్ ఖాతా తెరవాల్సిందేనని సోనీ ప్రకటించింది. ఆ సేవే లేని దేశాల్లోనూ గేమ్‌ను అమ్మి ఉన్నారు. స్టీమ్‌లో రోజుల్లోనే రెండు లక్షలకు పైగా ప్రతికూల అభిప్రాయాలు వచ్చాయి. సోనీ వెనక్కి తగ్గింది. ఆ అభిప్రాయాలు గేమ్ ఆడటానికి ఎలా ఉందో చెప్పలేదు కానీ, కొన్న వస్తువు రేపు తమ చేతిలో ఉంటుందో లేదోనన్న నిజమైన భయాన్ని చెప్పాయి. కాబట్టి ఎర్ర గుర్తులు ఒక్కసారిగా పెరిగితే ఆ తేదీన ఏం జరిగిందో ముందు తెలుసుకోవాలి.

స్టీమ్‌లో ప్రతి అభిప్రాయం పక్కన రాసినవారు ఎన్ని గంటలు ఆడారో కనిపిస్తుంది. గేమ్ ఉచితంగా వచ్చి ఉంటే రాసేవారు ఆ సంగతి చెప్పే గుర్తూ ఉంది. మొత్తం అభిప్రాయాలు, ఇటీవలివి వేర్వేరుగా ఉంటాయి. అరగంట ఆడి తిట్టినవారికన్నా, అరవై గంటలు ఆడి ఇవీ లోపాలు అని వివరించినవారి మాటకు విలువ ఎక్కువ. గేమ్ అసలు తెరుచుకోవడం లేదన్న ఫిర్యాదుకు మాత్రం అయిదు నిమిషాల అనుభవం చాలు.

కొలబద్ద ఎక్కడుంది

సమీక్షకుడిని ఎంచుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. ఇప్పటికే ఆడి, బాగా తెలిసిన నాలుగైదు గేమ్‌ల గురించి అతను ఏం రాశాడో చూడాలి. మార్కులు కలవాల్సిన పని లేదు, కారణాలు అర్థమైతే చాలు. పోరాటం కష్టంగా ఉందని ఒకరు తిడితే, కష్టమైన ఆటను ఇష్టపడేవారికి అదే సిఫారసు అవుతుంది. అభిరుచి వేరైనా, ఎప్పుడూ ఒకే తీరున వేరుగా ఉండే సమీక్షకుడు మంచి దిక్సూచే.

'సైబర్‌పంక్' సమయంలోనే మరో ఉదాహరణ దొరికింది. గేమ్ ఇన్ఫార్మర్ పత్రికకు చెందిన ఒక రచయిత్రి, ఆ గేమ్‌లోని ఒక దృశ్యంలో మెరిసే కాంతుల వల్ల తనకు మూర్ఛ వచ్చిందని, మూర్ఛవ్యాధి ఉన్నవారు జాగ్రత్తగా ఉండాలని విడుదలకు ముందే హెచ్చరించారు. ఆమెకు దక్కింది అభిమానుల వేధింపు. సంస్థ మాత్రం హెచ్చరికను చేర్చి, ఆ దృశ్యాన్ని మార్చింది. మార్కుల గోలలో కొట్టుకుపోయిన ఆ రాత బహుశా ఆ వారంలో వచ్చిన అన్నింటికన్నా ఉపయోగకరమైన సమీక్ష. తన పరిస్థితి ఏమిటో, దాని వల్ల తనకు ఏం జరిగిందో, ఎవరికి ప్రమాదమో సూటిగా చెప్పింది.

సమీక్షకు తేదీ కూడా ముఖ్యమే. 2023 సెప్టెంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్‌తో 'సైబర్‌పంక్' చాలా మెరుగైంది. మొదటి రోజు పూర్తి ధర పెట్టినవారికి విరిగిన గేమ్ దక్కింది. ఆగినవారికి బాగుపడిన గేమ్, తగ్గింపు అమ్మకాల్లో సగం ధరకే దొరికింది. ముందస్తు బుకింగ్‌కు ఇచ్చే అదనపు దుస్తులో ఆయుధమో ఆ తేడాకు సరిపోవు. ఎవరి మాట నమ్మాలో తేలనప్పుడు నెల రోజులు ఆగితే సరిపోతుంది. డిజిటల్ కాపీకి కొరత ఉండదు, గేమ్ ఎక్కడికీ పోదు.