ఒక్క కాలమ్ గురించి



ఈ హాస్టల్ ట్రంకుపెట్టెల మధ్య చదువుకుని ఇప్పుడు సాఫ్ట్‌వేర్ పని చేసుకుంటున్న మేం నలుగురం, ఈ వార్షికోత్సవ సంచికకు ఒక చిన్న విషయం మీదే రాద్దామనుకున్నాం. దరఖాస్తు ఫారంలోని ఒక్క కాలమ్ గురించి. చిన్నదే గానీ స్కాలర్‌షిప్ ఆగిపోయేది అక్కడే.

2021లో మన జూనియర్ ఒకడు నెట్ సెంటర్‌లో ఫారం నింపాడు. బ్యాంకు ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా. వాడు ఇంగ్లీషు 'ఓ' కొట్టాడు. కాలమ్ ఏమీ అనలేదు. అన్నీ నింపి సబ్మిట్ నొక్కితే 'వివరాలు సరిగా లేవు' అని ఎర్రక్షరాలు. ఏ వివరమో చెప్పదు. పైగా నింపినవన్నీ చెరిగిపోయాయి. మళ్లీ మొదటినుంచి, మళ్లీ డబ్బులు. తప్పు నీదేనని నెట్ సెంటర్ ఆయన అన్నాడు, వాడూ నమ్మాడు. మేం ఒప్పుకోం. తప్పు ఆ కాలమ్ తయారుచేసిన మాలాంటి వాళ్లది.

కాలమ్ అంటే ఉత్త పెట్టె కాదు. తనలో ఏం రాశారు, మనిషి వచ్చి వెళ్లాడా, రాసింది సరైనదేనా, కాకపోతే ఎందుకు కాదు అన్నవి అది తన దగ్గర ఉంచుకోవాలి. దీన్నే స్టేట్ అంటారు. అది మారినప్పుడల్లా బయటివాళ్లకు తెలిసేలా ఉంటే అబ్జర్వబుల్. మన మెస్ గంట గుర్తు తెచ్చుకోండి. కామాటి అన్న గది గదికీ తిరగడు, ఒక్కసారి గంట కొడతాడు. మనం ప్లేట్లు పట్టుకుని పరిగెడతాం, వంటమాస్టరు గరిటె అందుకుంటాడు, వార్డెన్ సారు హాజరు పుస్తకం తీస్తారు. అలాగే కాలమ్ 'నేను సరిగా లేను' అనగానే దాని కింద కారణం కనబడాలి, సబ్మిట్ బటన్ ఆగాలి.

యాంగ్యులర్‌లో టచ్డ్, వ్యాలిడ్ అనే గుర్తులు ఇందుకే ఉన్నాయి. టచ్డ్‌ను చాలామంది పట్టించుకోరు. మొదటి అక్షరానికే ఎర్రగా అరిచే కాలమ్, నోరు తెరవకముందే కసిరే మాస్టారు లాంటిది. మనిషి పక్క కాలమ్‌కు వెళ్లాక చెప్పాలి, అదీ తెలుగులో: 'ఐదోది సున్నా ఉండాలి, ఓ కాదు.'

ఒక్కసారే కట్టి అన్ని ఫారాల్లో వాడాలని మేం పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్‌లు 2021 ఏప్రిల్ నుంచి చెల్లకుండా పోయాయి. మన ఇళ్లలో పాత పాస్‌బుక్కుల మీద ఉన్నవి అవే. 4 అక్షరాలు, సున్నా, ఆ తర్వాత 6, మొత్తం 11 లెక్క ప్రకారమే ఉంటాయి కాబట్టి వరస మాత్రమే చూసే కాలమ్ వాటిని సరేనంటుంది. కాలమ్ ఒక్కటే అయితే కొత్త నియమం ఒక్కచోట చేర్చితే చాలు. పది ఫారాలకు పది నకళ్లుంటే ఏడింటిలో దిద్ది మూడింటిని మరిచిపోతారు. ఆ మూడింటిలో చిక్కుకునేది ఎవరో మీకు తెలుసు.

రెడీమేడ్ లైబ్రరీలు ఉన్నాయి కదా అంటారు కొందరు మిత్రులు. ఉన్నాయి, వాడండి. కానీ ఏఎన్‌డీబీ సంగతి గానీ, ఇంటిపేరును పొడి అక్షరంగా రాసుకునే మన అలవాటు గానీ వాటిలో చాలావాటికి తెలియకపోవచ్చు.

కంప్యూటర్ నేర్చుకుంటున్నవాళ్లు కాలిక్యులేటర్ ప్రాజెక్టుతో పాటు ఈ ఒక్క కాలమ్ కట్టండి. కట్టాక కోడింగ్ రాని స్నేహితుడి చేతికిచ్చి, మాట్లాడకుండా పక్కన కూర్చోండి. వేసవి సెలవులకు ముందు మేం వస్తాం, చూపించండి.