నిద్రకు దూతిక – మెలటోనిన్



శరీరమను గృహమునకు ఆహారము, నిద్ర, బ్రహ్మచర్యము అను మూడును ఉపస్తంభములని చరకసంహిత చెప్పుచున్నది. మన యిండ్లలో మొదటి స్తంభమునకు జరుగు సేవ యింతంత గాదు. తెల్లవాఱినది మొదలు ప్రొయ్యి చుట్టునే మన ప్రొద్దు గడచుచున్నది. రెండవ స్తంభమును దలచువా రెవరు? అది దానంతట నదియే వచ్చునని నమ్మియుందుము, రాకున్నచో విచారపడుదుము. ఇప్పుడు కొందఱు దానిని అంగడిలో గొనుచున్నారు.

అమెరికాలో కాపురమున్న మన తెలుగు పడుచులు మెలటోనిన్ అను మాత్ర నెఱుగుదురు. 1994వ సంవత్సరపు చట్టము ననుసరించి అక్కడ నది మందుగా గాక, ఆహారమునకు అనుబంధముగా నెంచబడును. కావున వైద్యుని చీటి లేకయే దొరకును. పండ్ల రుచితో, జిగురు మిఠాయి రూపమున, పిల్లలకై ప్రత్యేకముగా జేసియు నమ్ముదురు. “పిల్లవాడు ఎంతకును పండుకొనడు, ఇది యొకటి పెట్టవచ్చునా?” అని కూతుండ్రు ఫోనులో నడుగుటయు, ఇచ్చటి తల్లులు ఏమి చెప్పవలయునో తోచక యూరకుండుటయు జరుగుచున్నది. అందువలన ఈ మాసము ఆ వస్తువును గూర్చి ముచ్చటింపదలచితిమి.

మొదట తెలిసికొనవలసినది, మెలటోనిన్ మనకు పరాయి వస్తువు గాదు. మెదడు నడుమ బియ్యపుగింజంత గ్రంథి యొకటి కలదు. సరళవృక్షపు కాయను బోలియుండుటచే దానికి పీనియల్ గ్రంథి యని పేరు. ఆత్మకు పీఠము అదియే యని ఫ్రాన్సు దేశపు తత్త్వవేత్త డెకార్టు (1596–1650) తలచెను. ఆ గ్రంథి సారమును తగిలించిన తోకకప్పల చర్మము తెల్లబడునని 1917లో నిద్దఱు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చర్మపు రంగు మర్మమును వెదకుచు, యేల్ విశ్వవిద్యాలయపు చర్మవైద్యుడు ఏరన్ లెర్నర్ 1958లో ఆవుల గ్రంథులనుండి ఆ ద్రవ్యమును వేఱుచేసెను. నలుపు అను నర్థముగల గ్రీకుమాట దాని పేరున జేరినది. ఆయన నిద్రను వెదకినవాడు గాడు. ఐనను ఆ పేరు చీకటి బిడ్డకు తగియే యున్నది.

చీకటి బిడ్డ యని యేల యంటిమనగా, కంటినరములు రెండును కలిసికొను చోటికి కొంచెము పైన, సుమారు 20,000 కణముల గుంపొకటి కలదు. అదియే మన దేహపు గడియారము. కంటి వెనుకతెఱలో, రూపమును జూచుటకంటె వెలుతురును కొలుచుటకే యేర్పడిన కణములు కొన్ని కలవు. ఇవి నీలికాంతిని మిక్కిలిగా గ్రహించి, “ఇంకను పగలే” యని గడియారమునకు కబురు చేయును. ఆ కబురు ఆగి చీకటిపడినపుడు గ్రంథి మేల్కొని మెలటోనినును రక్తములోనికి విడుచును. మనము వాడుకగా నిద్రించు వేళకు సుమారు రెండుగంటల ముందు అది పొడసూపి, నడిరేయి దాటినపిదప నిండుగానుండి, తెల్లవాఱునప్పటికి సన్నగిలును.

ఇందొక విశేష మున్నది. రేయెల్ల తిరుగు ఎలుకకును రాత్రియే మెలటోనిన్ ఊరును. కాని అది నిద్రింపదు! దీనినిబట్టి మెలటోనిన్ నిద్ర గాదనియు, మత్తుమందు అసలే గాదనియు తెలియుచున్నది. అది “రాత్రియైనది” యని అంగాంగమునకు చాటివచ్చు దూతిక మాత్రమే. దూతిక వచ్చి పిలిచినను, ఇంట దీపములు వెలుగుచు, మనస్సు చింతలతో మసలుచుండగా నిద్రాదేవి గడప త్రొక్కునా?

గడియారము వెలుతురు లేకయు నడచును. 1729లో ఫ్రాన్సు దేశమున డి మైరాన్ అను పండితుడు అత్తిపత్తి మొక్కను చీకటిలో దాచి చూచెను. ఎండ లేకున్నను అది పగటివేళ ఆకులు విచ్చి, రాత్రివేళ ముడుచుకొనెను. అట్టి గడియారము కణములలో నెట్లు నడచునో ఈగలయందు కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమాన మొసగబడినది. ఐతే మనుష్యుల గడియారము చాలమందిలో 24 గంటలకు కొంచె మెక్కువ నడచును. అనుదినము ఉదయపు వెలుగే దానిని సరిదిద్దును. వెలుతురు బొత్తిగా సోకని అంధులలో పెక్కుమందికి నిద్రవేళ దినదినము జరిగిపోవుటకు కారణ మిదియే.

ఇక మన యింటి సంగతి. పసికందునకు పుట్టిన మొదటి రెండు మూడు నెలలు ఈ మెలటోనిన్ క్రమము కుదురుకొనదు. కావున రేయియు పగలును బిడ్డకొక్కటే. “తల్లికి పెంచుట చేతగాదు” అని బాలింతరాలిని దెప్పువారు దీనిని తెలిసికొందురుగాక. రాత్రివేళ చేపు తల్లిపాలలో మెలటోనిన్ ఉండును. పగటిపాలలో మిక్కిలి తక్కువ. రాత్రి పాలిచ్చునపుడు పెద్దదీపము వెలిగింపక, గ్రుడ్డిదీపముతో సరిపుచ్చుకొనుట తల్లికిని బిడ్డకును మేలు.

యుక్తవయస్సు వచ్చిన పిల్లలకు ఈ దూతిక యాలస్యముగా వచ్చును. వారు పదునొకండు గంటలకుగాని నిద్రింపలేకపోవుట, ఉదయమున లేవలేకపోవుట కేవలము సోమరితనము గాదు. ఆ యీడువారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలయును. ఉన్నత పాఠశాలలు ఉదయము 8.30కు ముందు మొదలుపెట్టరాదని అమెరికాలోని బాలవైద్యుల సంఘము 2014లో హితవు చెప్పినది. మేము పంతులుగారి యింటివారము గనుక, మొదటి గంటలో కునుకుపాట్లు పడు విద్యార్థుల ముచ్చట మాకు నిత్యము వినవచ్చుచుండును. కొన్ని వసతిగృహములలో పిల్లలను తెల్లవాఱుజామున నాలుగింటికే లేపి, రాత్రి పదునొకండు దాటువఱకు చదివింతురు. అది చదువు పెంచుటయో, తుంచుటయో తల్లిదండ్రు లాలోచింపవలయును. ఇక వృద్ధులలో మెలటోనిన్ తగ్గును. గడియారము ముందునకు జరుగును. ఎనిమిదింటికే పండుకొని మూడింటికే లేచి కూర్చుండు అత్తగారిది చాదస్తము గాదు, వయోధర్మము.

ఈ దూతికకు పరమశత్రువు దీపము. సాధారణపు గదిదీపమే, పండుకొనుటకు ముందు గంటలలో, మెలటోనిన్ ఉండు కాలమును సుమారు గంటన్నర కుదించునని 116 మందిని పరీక్షించి 2011లో ప్రకటించిరి. కొలరాడో రాష్ట్రమున 3 మొదలు 5 ఏండ్ల బిడ్డలను పండుకొనుటకు ముందు గంటసేపు పెద్దవెలుగులో నాడించి చూడగా, వారిలో మెలటోనిన్ 88 పాళ్లు అణగిపోయెను. ఈ ఫలితము 2018లో ప్రచురింపబడినది. వెలుగుతెఱమీద చదివినవారు, అచ్చుపుస్తకము చదివినవారికంటె సుమారు పది నిమిషము లాలస్యముగా నిద్రించిరని 2015లో వేఱొక పరిశోధన తేల్చినది.

అందఱికిని పెట్టి, అంట్లు సర్ది, అందఱును పండుకొన్న పిమ్మట చిక్కు ఆ యొక్క గంటయే మనదని మే మెఱుగుదుము. దానిని విడువుడని చెప్పుటకు మాకు నోరాడదు. కాని ఆ గంటను ఫోను వెలుగున కర్పింపక, చిన్నదీపము చెంత పుస్తకముతోనో, చీకటి వాకిట కూర్చుండి నలుగురితో మాటలతోనో గడుపరాదా? ఉదయమున లేచినవెంటనే కొంతసేపు వెలుతురులో తిరుగుటయు అంత ముఖ్యమే.

మాత్ర మాటకు వచ్చెదము. విమానమెక్కి అయిదారు కాలమండలములు దాటినవారికి, చేరిన యూరి నిద్రవేళకు దానిని పుచ్చుకొనుట మేలుచేయునని పరీక్షలలో తేలినది. అంధుల నిద్రక్రమమునకును అది తోడ్పడును. ఆటిజము వంటి స్థితిగల బిడ్డలకు వైద్యులు తామే చూచి యిచ్చుట కలదు. కాని ఊరక నిద్రపట్టనివారికి కలుగు లాభ మల్పము. పలు పరీక్షలను గూర్చి 2013లో లెక్కగట్టగా, నిద్ర సగటున ఏడు నిమిషములు మాత్రమే ముందుగా వచ్చెను.

నష్టమో, చిన్నది గాదు. అమెరికాలో 25 రకముల జిగురు మిఠాయిలను పరీక్షించి 2023లో ప్రకటింపగా, 22 రకములలో చీటీమీది లెక్కయు లోపలి లెక్కయు సరిపోలేదు. మిక్కిలి హెచ్చుగా నున్నదానిలో అది మూడింతలకు మించి యుండెను. ఒకదానిలో మెలటోనిన్ బొత్తిగా లేదు! మిఠాయి యనుకొని పిల్లలు తినివేయుట మొదలైన కారణములచే, ఆ దేశపు విషచికిత్సా కేంద్రములకు వచ్చిన కబురులు 2012లో 8,337 కాగా, 2021లో 52,563. పెక్కుమంది క్షేమముగానే బయటపడిరి. కొందఱు ఆసుపత్రి పాలైరి. ఇద్దఱు పసివాండ్రు ప్రాణములు గోల్పోయిరి.

కావున కూతుండ్రడిగినపుడు తల్లులు ఇట్లు చెప్పవచ్చును: “అమ్మా, వైద్యు నడుగనిదే బిడ్డకు పెట్టవలదు. గర్భిణివైనను, పాలిచ్చుచున్నను, రక్తము పలుచబఱచు మందు వాడుచున్నను నీవును పుచ్చుకొనవలదు. ఇంటనున్న సీసాను బిడ్డ చేతి కందని యలమరలో తాళమువేసి యుంచుము. దానిని మిఠాయి యని యెన్నడు ననకుము. గంట ముందుగా దీపములు తగ్గించి, ఫోను వేఱుగదిలో బెట్టి, ప్రక్కన పండుకొని యొక కథ చెప్పుము.”

“ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు” అని మన పెద్దల సామెత. పట్టుపఱుపు లేకున్నను వచ్చు నిద్ర, చీకటి లేకున్నచో రాదు. ఆ చీకటిని మన యిండ్లలో మనమే కలిగించుకొనవలయును.