పొరుగు పిల్లల భాష

ఫిజీ దీవుల్లో ప్రాథమిక పాఠశాలలన్నిటా రెండు వాడుక భాషలు తప్పనిసరిగా నేర్పాలని అక్కడి 2013 రాజ్యాంగం చెబుతోంది. ఒకటి మూలవాసుల ఇతౌకెయ్, రెండోది ఫిజీ హిందీ. మూలవాసుల పిల్లకు హిందీ రావాలి. భారతదేశం నుంచి వెళ్లిన చెరకు కూలీల మునిమనవడు ‘బులా’ అని పలకరించి, ‘వినాకా’ అని కృతజ్ఞత చెప్పాలి. జాతుల మధ్య కలతలతో ప్రభుత్వాలే కూలిన దేశం ఈ నియమం రాసుకుంది. అందుకే నాకు దానిమీద అంత గౌరవం.

ఆ మునిమనవళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1879లో మొదలైన గిర్మిట్ (ఒప్పంద కూలీల) వలసకు 1903లో మద్రాసు రేవు కూడా తోడయింది. విశాఖ, గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఎందరో ఐదేళ్ల ఒప్పందం మీద ఓడెక్కారు. ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి అప్పటికే యాభై ఏళ్లు. డెల్టా పచ్చబడినా అందరి కడుపులూ నిండలేదు మరి. 1926లో దక్షిణాది వాళ్లు ‘సంగం’ అనే సంఘం పెట్టుకున్నారు. 1941లో తెలుగువాళ్లు విడిగా ఆంధ్ర సంగం స్థాపించుకున్నారు. బడులు నడిపారు. అయినా ఇళ్లలో తెలుగు పలచబడి, ఫిజీ హిందీయే ఇంటిభాషగా స్థిరపడింది.

ఆ ఇళ్ల పిల్లలకు తెలుగు రావాలని మనం ఆశపడతాం. న్యాయమే. మరి మన గోదావరి మన్యంలో, చింతూరు వైపు, కోయ పిల్లలు ఇంట్లో కోయ మాట్లాడి బడిలో తెలుగు నేర్చుకుంటున్నారు. రాజమండ్రి, అమలాపురం, భీమవరం బడుల్లో కోయ మాట ఒక్కటైనా తెలిసిన పిల్లలు ఎంతమంది? నేర్చుకునే బరువంతా ఒక్కవైపే మోపాం.

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో తాను ముందు గిరిజనుల సవర భాష నేర్చుకున్నారు. ఆ తర్వాతే సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు, బడులు పెట్టారు. ఆయన పటానికి దండ వేసే మనం ఆ సగం జీవితాన్ని పిల్లలకు చెప్పడం లేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. ఈసారి ఆ పండుగలో ఒక్క గంట కోయకు ఇవ్వండి. కోయ పిల్లలను పిలవండి. వేషం కట్టించి, ఆడించి పంపేయడానికి కాదు. పలకరింపులూ, చెట్ల పేర్లూ, లెక్కలూ వాళ్లే పాఠంగా చెప్పాలి, మన పిల్లలు కూర్చుని నేర్చుకోవాలి. ఫిజీ వెళ్లిన మన తాతల సంగతీ ఆ గంటలోనే చెప్పండి. జరిగిన తీరు రాసి పంపితే ఈ పత్రికలో అచ్చువేస్తాం.