సైనికపాలనము యుద్ధబలమగునా?

ఈ కాలపు విద్యార్థులు నక్షత్రముల నడుమ సంచరించు కల్పితజాతుల కథలను మిక్కిలి మక్కువతో చదువుచున్నారు. ఆ కథలలో పెక్కింటియందు ఒక భావము కానవచ్చును: ఆకాశనౌకలతో పోరాడు రాజ్యము సేనానుల చేతిలో నున్ననే జయించుననియు, చర్చలతో కాలము పుచ్చు ప్రజాసభలు యుద్ధమునకు పనికిరావనియు. 1959వ సంవత్సరమున అమెరికా రచయిత రాబర్ట్ హైన్‌లైన్ ప్రకటించిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’ అను నవలలో, స్వచ్ఛందముగా రాజ్యసేవ ముగించినవారికే ఓటుహక్కు గలదు. ఇది కథయే గదా యని త్రోసివేయుట తగదు. బాల్యమున కథలో రుచించిన భావము పెద్దయైన పిమ్మట ఓటువేయు చేతిని నడిపింపగలదు. కావున దీనిని విచారింప బూనితిమి.

ఎదుటివారి వాదమును ముందుగా న్యాయముగా చెప్పవలెను. సైనికపాలనమున ఆజ్ఞ యొక్కటి, ఆలస్యము తక్కువ, క్రమశిక్షణ యెక్కువ. గ్రీసుదేశమున సైనికజీవనమునకే అంకితమైన స్పార్టా క్రీ.పూ. 404లో ప్రజాసభలు గల ఏథెన్సును లోబరచుకొనెను. ఇది నిజము. కాని అదే స్పార్టా క్రీ.పూ. 371లో లూక్ట్రా యొద్ద తీబ్సువారిచేత ఓడి, మరల పూర్వస్థితికి రాలేదు. పౌరులసంఖ్య అంతకు ముందే క్షీణించినందున, చచ్చినవారి స్థానమున నిలుచువారు లేకపోయిరి. పోరుట నేర్చిన రాజ్యమునకు, పెరుగుట తెలియకపోయెను.

దూరదేశముల మాట యటుండనిండు. గద్వాల, వనపర్తి సంస్థానములును, నాగర్‌కర్నూలు ప్రాంతమును నిజాం రాజ్యమున నుండిన దినములను తలంచుకొందము. ఆ రాజ్యము సుమారు 82,000 చదరపు మైళ్ల వైశాల్యము గలది. 1941 లెక్కలనుబట్టి జనసంఖ్య 1 కోటి 60 లక్షలకు మించెను. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వముతో యథాతథ ఒప్పందము కుదిరిన తరువాత, మంత్రులు పేరునకు మాత్రమే యుండిరి. నిజమైన అధికారము కాశిం రజ్వీ నాయకుడుగా గల రజాకార్ల చేతికి జారిపోయెను. అది సేనానుల పాలనము గాకపోయినను, ఆయుధము పట్టినవాడే అధికారియైన పాలనము. గ్రామములు దోపిడికి గురియయ్యెను. జనులు యిల్లు వాకిలి విడిచి సరిహద్దు దాటిరి. రజాకార్లను విమర్శించిన ‘ఇమ్రోజ్’ పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో హైదరాబాదు నగరమున హత్యకు గురియయ్యెను.

ఆ బలము యుద్ధమున నెంతకాలము నిలిచెను? భారతసైన్యము 1948 సెప్టెంబరు 13న ప్రవేశించెను. 17న నిజాం పోరు విరమింపజేసెను. మరునాడు జనరల్ ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ చౌదరికి లొంగిపోయెను. పెద్దసైన్యము ముందు చిన్నసైన్యము ఓడుటలో వింతయేమి యని కొంద రనవచ్చును. అది సత్యమే. కాని తన సాటిలేమిని ముందే గ్రహించి, సంధికి దారి వెదకుట వివేకవంతమైన రాజ్యమునకు సాధ్యమయ్యెడిది. నిజము వ్రాసిన సంపాదకుని చంపినచోట, నిజము చెప్పువా డెవడు మిగులును? వెన్నంటి నిలువవలసిన ప్రజలే శత్రువు రాకకై యెదురుచూచుచుండగా, తుపాకులు ఎన్ని యున్న నేమి?

ఇతరదేశముల చరిత్రయు ఇట్లే పలుకుచున్నది. 1942 జూన్‌లో మిడ్వే యొద్ద జపాను నాలుగు విమానవాహక నౌకలను కోల్పోయెను; అచటి అధికారులు ఆ నష్టమును తమ ప్రజలకు దాచిరి. 1982లో అర్జెంటీనా సేనానులు ఫాక్‌లాండ్ ద్వీపముల నాక్రమించి, రెండున్నర నెలలలోపుననే ఓడిపోయిరి. ఇందుకు భిన్నముగా 1940 మే నెలలో, యుద్ధము నడుచుచుండగనే, బ్రిటిషు ప్రజాసభ నార్వే అపజయమును బహిరంగముగా చర్చించెను; తత్ఫలితముగా ఛాంబర్లేన్ తొలగి చర్చిల్ ప్రధానియయ్యెను. ఆ చర్చ కాలహరణమా, లేక ఆయుధమా? పనికిరాని నాయకుని యుద్ధమధ్యమున మార్చుకొనగల శక్తి సభలు గల రాజ్యమునకే సులభము.

విజేతలపట్లను మా తూనిక యొక్కటియే. 1948 సెప్టెంబరు మొదలు 1949 చివరవరకు హైదరాబాదున చౌదరి సైనిక గవర్నరుగా నుండెను. సైనికచర్య నాటినుండి కొన్ని వారములలో పెక్కుచోట్ల నిరపరాధులైన ముస్లిం ప్రజలు హతులైరి. సుందర్‌లాల్ సంఘము దీనిని విచారించి నివేదిక సమర్పించెను గాని, అది దశాబ్దములపాటు ప్రజల కందలేదు. ప్రశ్నించు సభ లేనిచోట జయముగూడ తన కళంకమును దాచుకొనును.

ఇక ఆకాశయానముల రాజ్యమునకు వత్తము. భూమినుండి అంగారకునకు వార్త చేరుటకు దూరమునుబట్టి సుమారు 3 నుండి 22 నిమిషములు పట్టును; సూర్యుని విడిచినచో మిగిలిన నక్షత్రములలో అతి సమీపమైనదానికి నాలుగేండ్లు దాటును. ఒక్క సింహాసనమునుండి వచ్చు ఆజ్ఞ అచటికి చేరునప్పటికి యుద్ధమే ముగిసియుండును. అట్టిచోట కావలసినది భయముతో తలయూపు సేవకుడు గాడు. తానై ఆలోచించి, తప్పు కనబడినప్పుడు తప్పని చెప్పగల పౌరుడు. నౌకలు నిర్మించు శాస్త్రజ్ఞుడును, ధాన్యము పండించు రైతును, బిడ్డలకు చదువు చెప్పు గురువును ఆ రాజ్యమునకు సేనలే.

గద్వాల సంస్థానాధీశులు కోటను కట్టిరి, విద్వాంసులనుగూడ పోషించిరి. కావుననే ఆ సీమకు ‘విద్వద్గద్వాల’ యను పేరు నిలిచినది. సైనికుని మేము గౌరవింతుము. అతడు ప్రాణమొడ్డి కాపలా కాయుచున్నాడు. కాని కాపరి వాకిట నుండవలెను గాని, యింటి యజమానుని నోరు నొక్కరాదు. విద్యార్థులారా! మీ చర్చాసమావేశములను వినోదమాత్రముగా నెంచకుడు. ప్రతిపక్షమును ఓపికతో విని, సాక్ష్యముతో బదులు చెప్పుట నేర్చుకొనుడు. రాజ్యరక్షణమునకు అదియు ఒక అభ్యాసమే.