వాడని కత్తెరకూ ఖర్చే: ప్లాస్టిక్ సర్జరీ బిల్లులో కనిపించని లెక్క

మా ఖాలా కొడుకు చేతి మీద రెండేళ్ల కిందట వేడి నూనె పడింది. గాయం మానింది కానీ చర్మం ముడుచుకుపోయి వేళ్లు వంగిపోయాయి. డాక్టర్లు దీన్ని కాంట్రాక్చర్ అంటారు. పోయినేడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేయించారు. డిశ్చార్జి రోజు ఖాలా బిల్లు నా చేతిలో పెట్టి, "బీకాం చదివావు కదా బేటా, ఇదేంటో చూడు" అంది. సర్జన్ ఫీజు, మత్తు డాక్టర్ ఫీజు, మందులు అర్థమయ్యాయి. "ఓటీ, పరికరాల ఛార్జీలు" అన్న లైన్ దగ్గర ఆగిపోయాను. అందులో ఏమేం కలిపారో కౌంటర్‌లో కూర్చున్న అబ్బాయికీ తెలియదు.

ప్లాస్టిక్ సర్జరీ అనగానే సినిమావాళ్ల ముక్కులు గుర్తొస్తాయి. కాలిన గాయాలు, గ్రహణం మొర్రి, యాక్సిడెంట్‌లో నలిగిన చేతులు, క్యాన్సర్‌కు తీసేసిన రొమ్మును మళ్లీ నిర్మించడం కూడా ఈ విభాగం పనే. జీఎస్టీలోనూ ఈ తేడా ఉంది. అందం కోసం చేయించుకుంటే పన్ను కట్టాలి, పుట్టుక లోపాన్నో గాయాన్నో సరిచేయడానికైతే మినహాయింపు. అలాంటి ఆపరేషన్ మీద జీఎస్టీ వేస్తే ఎందుకు వేశారని అడగండి.

ఇక పరికరాల సంగతి. ఫోర్సెప్స్, కత్తెరలు, నీడిల్ హోల్డర్లు, చర్మాన్ని లాగి పట్టుకునే చిన్న కొక్కేలు, ఇవన్నీ ట్రేలో సెట్టుగా ఆపరేషన్ థియేటర్‌కు వస్తాయి. ఒకసారి ట్రే తెరిచి వాడుకకు పెట్టాక, ముట్టుకోని పరికరాన్ని కూడా మళ్లీ శుద్ధి చేయాల్సిందే. కడగాలి, విరిగిందా మొద్దుబారిందా అని చూడాలి, లెక్కపెట్టి సర్దాలి, ప్యాక్ చేసి ఆటోక్లేవ్‌లో పెట్టాలి. నలుగురు మెహమాన్లు వస్తే దావత్ గిన్నెలన్నీ కిందికి దింపి, తర్వాత మొత్తం తోముకున్నట్టు.

అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయ వైద్యులు దీన్ని లెక్కగట్టారు. 2014లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 49 ఆపరేషన్లలో 237 ట్రేలను గమనించారు. ప్లాస్టిక్ సర్జరీలో సగటున వాడింది 15.3 శాతం పరికరాలే. చెవి, ముక్కు, గొంతు విభాగంలో ఇంకా తక్కువ, 13 శాతం. మెదడు, నరాల ఆపరేషన్లలోనూ 21.9 శాతం దాటలేదు. ఒక్కో పరికరాన్ని మళ్లీ సిద్ధం చేయడానికి 51 నుంచి 77 సెంట్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అవుతుందని తేల్చారు.

వంద పరికరాల ట్రే అనుకుందాం. 15 వాడారు, 85 మిగిలాయి. తక్కువ రేటు వేసుకున్నా ఒక్క ఆపరేషన్‌కు 43 డాలర్లు వృథా. అయితే దీన్ని రూపాయల్లోకి మార్చి హైదరాబాద్‌కు అతికించడం తప్పు. అక్కడి జీతాలు వేరు, ఇక్కడివి వేరు. మన దగ్గర డబ్బు తక్కువే మిగలొచ్చు.

ట్రే ఇంత బరువెలా అవుతుంది? కొత్త డాక్టర్ వచ్చినప్పుడు తనకు కావాల్సినవి చేర్పిస్తాడు. వెళ్లిపోయేటప్పుడు వాటిని తీసేసేవాళ్లు ఉండరు. "ఎందుకైనా మంచిది" అని ఉంచేస్తారు. బీకాంలో స్టాకును ఏ, బీ, సీ అని విడగొట్టడం మాకు మొదట్లోనే నేర్పుతారు. ఇక్కడా దాదాపు అదే పని. కొన్ని వారాలు ఏది వాడారో రాసుకోవాలి, సర్జన్లు, నర్సులు కలిసి కూర్చుని జాబితా కుదించాలి, అరుదుగా కావాల్సినవాటిని విడిగా ప్యాక్ చేసి థియేటర్‌లోనే ఉంచాలి. ఆ చివరి పని మరిస్తే మాత్రం ప్రమాదం. రక్తం కారుతుంటే పరికరం కోసం స్టోర్‌కు పరుగెత్తే టైం ఉండదు. అందుకే అకౌంట్స్ వాళ్లు ఒక్కళ్లే కూర్చుని కోతపెట్టే వ్యవహారం కాదిది.

మరి మిగిలిన డబ్బు ఎవరికి? ఆరోగ్యశ్రీలో ప్యాకేజీ రేటు ముందే ఖాయం. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో కుటుంబానికి పరిమితి 10 లక్షలకు పెంచారు, కానీ ఆసుపత్రి ట్రే ఖర్చు తగ్గించుకుంటే ఆ మిగులు ఆసుపత్రిదే. సొంత డబ్బు కట్టే ప్రైవేటు పేషెంటుకూ బిల్లు దానంతటదే తగ్గదు.

నాకు అసలు లాభం ప్రభుత్వ ఆసుపత్రుల్లో కనిపిస్తోంది. అక్కడ పేదవాడు డబ్బుకన్నా ఎక్కువగా కట్టేది ఎదురుచూపు. శుభ్రమైన సెట్టు సిద్ధంగా లేక తర్వాతి కేసు ఆగుతుంటే, ట్రేలు చిన్నవి చేసినప్పుడు అవే పరికరాలతో ఇంకో సెట్టు తయారవుతుంది, ఆటోక్లేవ్‌లో ఎక్కువ సెట్లు పడతాయి. ఆపరేషన్‌కు ముందూ వెనకా పరికరాలు లెక్కపెట్టే టైం కూడా తగ్గుతుంది. సన్నటి పరికరాలు ఊరికే కడిగి కడిగి పాడవవు. కాలిన చేయి ముడుచుకుపోయి కూలిపని పోయిన మనిషికి, ఆపరేషన్ రెండు నెలలు ముందుకు జరిగితే అవి రెండు నెలల కూలి డబ్బులు.

మా తమ్ముడు ఇంకా ఎదిగే వయసులో ఉన్నాడు. చెయ్యి పెరుగుతుంటే మచ్చ మళ్లీ బిగుసుకోవచ్చు, ఇంకో ఆపరేషన్ పడొచ్చు అన్నారు డాక్టర్లు. ఈసారి చేర్పించకముందే ఎస్టిమేట్‌లో ఆ పరికరాల లైన్‌ను విడదీసి రాసివ్వమని అడుగుతానని ఖాలాకు చెప్పాను. "అడిగితే కోప్పడతారేమో బేటా" అంది. అడుగుతాను.