ఛాతీ స్కాన్‌లో గడ్డా? ముందు థైరాయిడ్ చూడండి!

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. ప్రపంచ దేశాలకు వెళ్లే టీకాలు తయారయ్యే చోటు. ఏ టీకా అయినా మన ఒంట్లో సరిగా పనిచేయాలంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన ‘టి-కణాలు’ సిద్ధంగా ఉండాలి. వాటికి చదువు చెప్పే బడి మన రొమ్ము ఎముక వెనకే ఉంది. దాని పేరు థైమస్ గ్రంథి. పేరు దగ్గరగా ఉండటంతో చాలామంది దీన్ని థైరాయిడ్ అనుకుంటారు. రెండూ వేర్వేరు. కానీ ఒకదానికి జబ్బు చేస్తే రెండోదాని మీద ప్రభావం పడొచ్చు.

2025 వైద్య నోబెల్‌తో ఈ గ్రంథి మళ్లీ చర్చలోకి వచ్చింది. రోగనిరోధక వ్యవస్థ మన శరీరం మీదే తిరగబడకుండా ఆపే కణాలను గుర్తించినందుకు షిమోన్ సకగూచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు ఆ బహుమతి దక్కింది. సకగూచి పరిశోధనకు మూలం ఒక వింత గమనిక. పుట్టిన మూడో రోజున థైమస్ తీసేసిన ఎలుకల్లో రోగనిరోధక వ్యవస్థ సొంత అవయవాల మీదే దాడి చేసింది. అలా దెబ్బతిన్నవాటిలో థైరాయిడ్, అండాశయాలు కూడా ఉన్నాయి.

హార్మోన్లు మారితే...

థైమస్ బాల్యంలో చురుగ్గా ఉంటుంది. యుక్తవయసు వచ్చాక సెక్స్ హార్మోన్ల ప్రభావంతో క్రమంగా కుంచించుకుపోతుంది. దాని చోటును కొవ్వు ఆక్రమిస్తుంది. ఇది జబ్బు కాదు, సహజమే.

గ్రేవ్స్ వ్యాధిలో కథ వేరు. ఇందులో రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే యాంటీబాడీలు థైరాయిడ్‌ను రెచ్చగొట్టి, హార్మోన్ అతిగా ఉత్పత్తయ్యేలా చేస్తాయి. థైరాయిడ్ మీదుండే గ్రాహకాల వంటివే థైమస్‌లోనూ ఉంటాయి. దాంతో కొందరిలో అదీ ఉబ్బుతుంది. దడ, ఆయాసం అంటూ వెళ్తే ఛాతీకి సీటీ స్కాన్ తీస్తారు. రిపోర్టులో ‘గడ్డ’ అన్న మాట చూడగానే ఇల్లంతా కంగారు. క్యాన్సరేమోనన్న భయంతో ఆపరేషన్ దాకా వెళ్లినవారూ ఉన్నారు. నిజానికి చాలామందిలో థైరాయిడ్‌ను మందులతో అదుపు చేస్తే కొన్ని నెలల్లో ఆ వాపు దానంతటదే తగ్గిపోతుంది.

కార్టిసాల్ ఎక్కువైతే ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది. కుషింగ్స్ వ్యాధిలోనూ, స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడినా థైమస్ చిక్కిపోతుంది. చికిత్స తర్వాత తిరిగి పెరగొచ్చు. ఆ పెరుగుదలను చూసి కొత్త గడ్డ అని పొరబడే ప్రమాదం ఉంది.

తీసేస్తే పోలా?

‘పెద్దయ్యాక థైమస్‌తో పనేముంది’ అని ఒకప్పుడు అనుకునేవారు. 2023లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని ప్రశ్నించింది. థైమస్ తీసేసిన పెద్దల్లో అయిదేళ్లలో 8.1 శాతం మంది మరణించగా, దాన్ని తీయకుండా అలాంటి ఛాతీ ఆపరేషన్లే చేయించుకున్నవారిలో అది 2.8 శాతమే. ఇది మరణాలకు థైమస్ లేకపోవడమే కారణమని తేల్చి చెప్పే రుజువు కాదు. కానీ అవసరం లేకుండా దాని జోలికి వెళ్లొద్దన్న హెచ్చరిక మాత్రం ఉంది.

అలాగని అన్ని వాపులనూ వదిలేయకూడదు. కనురెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలడం, మింగడం కష్టమవడం, సాయంత్రానికి నీరసం పెరగడం... ఇవి మయస్తీనియా గ్రేవిస్ లక్షణాలు కావొచ్చు. ఈ జబ్బున్నవారిలో సుమారు 10-15 శాతం మందికి థైమస్‌లో కణితి ఉంటుంది. ఇలాంటప్పుడు ఆపరేషన్ అవసరమవుతుంది. గ్రేవ్స్ ఉన్నవారిలో కొద్దిమందికి ఇది కూడా తోడవొచ్చు కాబట్టి కళ్ల ఇబ్బందులన్నిటినీ థైరాయిడ్ ఖాతాలో వేయొద్దు.

మీరు చేయాల్సింది

* స్కాన్‌లో థైమస్ పెద్దదిగా ఉందంటే టీఎస్‌హెచ్, టీ3, టీ4 పరీక్షలు చేయించారా అని డాక్టర్‌ను అడగండి. మేడ్చల్, శామీర్‌పేట వాసులు పరీక్షల కోసం దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ముందుగా వాకబు చేయొచ్చు.
* థైరాయిడ్ ఎక్కువగా ఉన్నట్లు తేలితే, ఆపరేషన్ నిర్ణయానికి ముందు ఎండోక్రైనాలజిస్టు అభిప్రాయం తీసుకోండి. చికిత్స తర్వాత మళ్లీ స్కాన్ ఎప్పుడో అడగండి.
* వాపు అంచులు అసమానంగా ఉన్నా, పక్క భాగాల్లోకి చొచ్చుకుపోయినా, చికిత్స తర్వాత తగ్గకపోయినా ఆలస్యం చేయకుండా తదుపరి పరీక్షలు చేయించుకోవాలి.
* కీళ్ల నొప్పులకో, ఆయాసానికో ఇచ్చే ఇంజెక్షన్‌లో ఏముందో అడిగి తెలుసుకోండి. స్టెరాయిడ్లను సొంతంగా వాడొద్దు. డాక్టర్ రాసినవాటిని ఒక్కసారిగా ఆపేయడమూ ప్రమాదమే.

రిపోర్టులో కనిపించిన గడ్డ ఛాతీలో ఉండొచ్చు, దాని కారణం మెడలో ఉండొచ్చు. కత్తి దాకా వెళ్లే ముందు ఒక రక్తపరీక్ష దూరం ఆగండి.