మనవాడుంటే చాలా?

‘ఆట ఒక్కటే చాలదండీ... పైన మనవాడుండాలి!’ టీవీలో మ్యాచ్ వస్తుంటే ఈ మాట వినబడని ఇల్లుండదు. పెదకూరపాడు టీకొట్టు దగ్గరైనా, హైదరాబాద్ అపార్ట్‌మెంటులోనైనా ఇదే తీర్పు. మరి పైన నిజంగానే మనవాడుంటే?

2019లో ఆ ముచ్చటా తీరింది. ప్రపంచకప్ జట్టును ఎంపిక చేసిన కమిటీకి ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్. ఆయనది గుంటూరు. జట్టులో చోటు దక్కని అంబటి రాయుడు పుట్టిందీ గుంటూరులోనే! పదిహేడేళ్లకే ఒకే రంజీ మ్యాచ్‌లో డబుల్ సెంచరీ, సెంచరీ బాదిన కుర్రాడతను. నాలుగో స్థానానికి అతనే తగినవాడని 2018 అక్టోబరులో కెప్టెన్ కోహ్లీయే అన్నాడు. ఆర్నెల్లకు ఆ అవకాశం విజయ్ శంకర్‌కు దక్కింది. బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ వచ్చన్నారు. ప్రపంచకప్ చూడ్డానికి త్రీడీ కళ్లద్దాలు కొన్నానంటూ రాయుడు చురక వేశాడు.

పక్షపాతమేనా? తొందరపడకండి. అంతకుముందు మార్చిలో ఆస్ట్రేలియాపై మూడు వన్డేల్లో రాయుడు చేసింది 33 పరుగులే. పక్కనపెట్టడానికి కారణం లేకపోలేదు. కానీ తర్వాత శంకర్ గాయపడితే, స్టాండ్‌బై జాబితాలో ఉన్న రాయుణ్ని కాదని మయాంక్ అగర్వాల్‌ను పిలిచారు. జులై 3న రాయుడు ఆటకు వీడ్కోలు చెప్పేశాడు (తర్వాత మనసు మార్చుకున్నాడనుకోండి). ఓపెనర్ కావాలని జట్టు అడిగిందన్న వివరణ బయటికొచ్చేసరికి ప్రపంచకప్పే అయిపోయింది! ఆ మాటేదో ముందే చెప్పి ఉంటే ఇన్ని అనుమానాలు ఉండేవా?

రాష్ట్ర స్థాయిలోనూ ఇదే గొడవ. ఓ సహచరుణ్ని మందలిస్తే, అతని తండ్రి రాజకీయ నాయకుడు కావడంతో తనను ఆంధ్ర కెప్టెన్సీ నుంచి తప్పించారని 2024 ఫిబ్రవరిలో హనుమ విహారి ఆరోపించాడు. ఆ ఆటగాడు కాదన్నాడు.

వీళ్లు పేరున్నవాళ్లు. అడిగితే పేపర్లు రాస్తాయి. కిట్‌బ్యాగ్ మోసుకుంటూ, నాన్నతో కలిసి పెదకూరపాడులో గుంటూరు రైలెక్కి సెలక్షన్స్‌కు వెళ్లే పద్నాలుగేళ్ల పిల్లాడి మాటేమిటి? నెట్స్‌లో ఆడేది కొద్ది బంతులు. సాయంత్రానికి జాబితాలో పేరుండదు. ఎందుకో చెప్పేవారుండరు. తిరుగు రైల్లో ఆ తండ్రి ‘మనకెవరున్నార్రా’ అంటే, పిల్లాడు ఇంకేం ప్రాక్టీసు చేస్తాడు?

ప్రతిభకు దారి మూసుకుపోయిందని కాదు. గుంటూరు కుర్రాడు షేక్ రషీద్ 2022 అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టుకు వైస్ కెప్టెన్. సెమీస్‌లో 94, ఫైనల్లో 50 చేశాడు. అలాంటి మరో పిల్లాడు సగంలో ఆగిపోకూడదంటే ఖర్చేమీ అక్కర్లేదు. ఎంపిక కాకపోతే ఎందుకు కాలేదో, ఏం దిద్దుకోవాలో ఒక కాగితం మీద రాసిస్తే చాలు.

పదో తరగతి తప్పినవాడికి కూడా ఏ సబ్జెక్టులో ఎన్ని మార్కులొచ్చాయో చెబుతాం. అనుమానముంటే రీకౌంటింగ్ పెట్టుకోమంటాం. క్రికెట్‌లో తప్పినవాడికి ఆపాటి మెమో ఇవ్వలేమా?